చదివింది నేను, అర్థమైంది ఆవిడకి

నాకు స్పానిష్ రాదు. అయినా ఒక ఏడాది వసంతకాలమంతా, రోజూ మధ్యాహ్నం అరగంట చొప్పున, గొంతెత్తి స్పానిష్ చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంత ఉత్కంఠతో నా జన్మలో మరేదీ చదవలేదు.

పోయిన వారం మా ల్యాబ్ అడ్రసుకి ప్యుయెర్టో రికో నుంచి ఉత్తరం వచ్చింది. మా అంతస్తులో స్పానిష్ తెలిసిన నర్సు ఒకామె నిలబడే చదివి చెప్పింది. నేను చదివి వినిపించిన ఆవిడ పోయిందట. ఈస్టర్ వెళ్ళిన వారం, వాళ్ళ ఊళ్ళో, పొద్దున్న కాఫీ తాగి వరండాలో కుర్చీలో కూర్చుని అలాగే వెళ్ళిపోయిందట. "అయామ్ సారీ" అని నర్సు నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు రావాలి. రాలేదు. గుండె మాత్రం దడదడా కొట్టుకుంది, ఆ బేస్‌మెంట్ గదిలో ఆ మధ్యాహ్నాలు కొట్టుకున్నట్టే. ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్ళి ఆవిడ గురించి రాద్దామా అనిపించింది.

పేరు రాయను. కాగితం మీద ఆవిడ పేరు పడ్డ ప్రతిసారీ ఆవిడకి కీడే జరిగింది. హాస్పిటల్లో అందరూ "దోన్యా" అనేవారు. వాళ్ళలో పెద్దావిడని పిలిచే మర్యాద అది, మన "అమ్మగారూ" లాగా. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "మీహా" అనేది. "అమ్మాయీ" అని అర్థమట.

డెబ్భై ఎనిమిది చలికాలంలో షికాగోలో ఆ హాస్పిటల్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేరాను. రెండో వారంలోనే బర్నర్ మంటకి నా తెల్లకోటు జేబు కాలింది. బేస్‌మెంట్‌లో లినెన్ రూమ్ ఉంది, అక్కడ కుట్టే ఆవిడకిమ్మన్నారు. వెళ్ళాను. కిటికీ లేని గది. దుప్పట్ల గుట్టలు, ఆపరేషన్ గుడ్డల గుట్టలు, వాటి మధ్య పెద్ద కుట్టుమిషన్, దాని ముందు చిన్న మనిషి. మిషన్ చప్పుడు వెనక సన్నగా ఏదో పాట వినిపిస్తోంది. నేను గుమ్మం దాటగానే ఆవిడ పెడల్ మీంచి కాలు తీసింది. మిషన్ ఆగింది. పాట కూడా కత్తిరించినట్టు అక్కడికక్కడే ఆగింది.

"హౌ ఆర్ యూ?" అన్నాను.

"ఎవరడుగుతున్నారు?" అంది.

అది ఆవిడ ఊతపదం. టైమెంతయిందని అడిగినా, భోంచేశావా అని అడిగినా ముందు ఆ ప్రశ్నే. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే సాగేవి. ఆవిడ ఇంగ్లీషులో క్రియలు తక్కువ, నా ఇంగ్లీషులో ధైర్యం తక్కువ. అయినా పదేళ్ళు మాట్లాడుకున్నాం.

మర్నాడు కోటు తీసుకోడానికి వెళితే కాలిన చోటు ఎక్కడో నేనే వెతుక్కోవలసి వచ్చింది. థాంక్స్ చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. ఆ రోజు ల్యాబ్‌లో పార్టీ ఉందని చీర కట్టుకెళ్ళాను. వంగి నా కుచ్చిళ్ళ అంచు పట్టుకుని తిరగేసి, ఫాల్ కుట్టిన కుట్లని వేలితో ఒక్కొక్కటీ తడిమింది.

"ఇది మిషన్ కాదు. ఎవరు కుట్టారు?"

"నేనే. చేత్తో."

"పైకి కనపడటం లేదు" అంది. అని, కుర్చీ మీదున్న దుప్పట్లు కిందికి తోసి "కూర్చో" అంది. ఆ కుర్చీలో ఆవిడ మరెవర్నీ కూర్చోమనగా నేను చూడలేదు.

అప్పట్నుంచి లంచ్ టైములో నా పెరుగన్నం డబ్బా అక్కడే. ఆవిడ చేష్టలన్నీ అక్కడే చూశాను. బల్ల మీద ఫోన్ మోగితే ఎత్తేది కాదు, దాని మీద మడత దుప్పటి పడేసేది, అరిచి అరిచి అదే ఊరుకునేది. ఎవరైనా ఎక్కువ ప్రశ్నలు వేస్తే దారం పంటితో పుటుక్కున కొరికేది. దానర్థం మాటలు అయిపోయాయని. సూపర్‌వైజరు కూడా ఆ పుటుక్కు వినగానే వెళ్ళిపోయేవాడు. గోడ మీద వందమంది టైమ్ కార్డుల్లో ఆవిడ కార్డుకి మాత్రం ఎర్రదారం ముడి ఉండేది. అలంకారం అనుకున్నాను. ఆవిడకి చదవడం రాదని, ఆ ముడి చూసి తన కార్డు గుర్తుపడుతుందని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

"గుడ్డ మాట్లాడదు, మీహా. అందుకే నాకు గుడ్డలంటే ఇష్టం" అనేది.

జూన్‌లో షికాగోలో ప్యుయెర్టో రికో వాళ్ళ పెరేడ్ జరుగుతుంది. ఆ వారమంతా హాస్పిటల్ పార్కింగ్ లాట్‌లో కార్లకి జెండాలే జెండాలు. ఒక ఏడాది వంటగదిలో పనిచేసే అతను చిరిగిన జెండా పట్టుకొచ్చి కుట్టిపెట్టమన్నాడు. ఆవిడ ముట్టుకోలేదు. "ఇది కాదు నీలం" అంది. అతను అర్థం కాక నిలబడ్డాడు. పుటుక్కున దారం కొరికింది. అతను వెళ్ళాక, నేను అడక్కుండానే, మిషన్ నడుపుతూ చెప్పింది. అదీ ఆవిడ పద్ధతే. ముఖ్యమైన మాట ఏదైనా మిషన్ చప్పుడు కిందే చెప్పేది. నేను చెవి దగ్గరపెట్టి వినాలి.

ప్యుయెర్టో రికో అమెరికా చేతిలో ఉన్న దీవి. అక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే అమెరికా పౌరులు. సొంత శాసనసభ ఉంది, ఆఖరి మాట మాత్రం వాషింగ్టన్‌ది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి, స్వాతంత్ర్యం కావాలనే గొంతులు పెరుగుతున్నాయని, ఆ శాసనసభే ఒక చట్టం చేసింది. ప్రభుత్వ భద్రత కోసమన్నారు. దీవి జెండా ఇంట్లో ఉన్నా నేరమే, దీవి పాట పాడినా నేరమే, స్వాతంత్ర్యం కావాలని నలుగురిలో అన్నా నేరమే. పదేళ్ళ దాకా జైలు. నోట్లో గుడ్డ కుక్కే చట్టమని జనం దానికి పేరు పెట్టారు.

ఆ రోజుల్లో కొండల్లో వాళ్ళ ఊళ్ళో ఒక ముసలి మేష్టారు చావుబతుకుల్లో ఉన్నాడు. తన శవపేటిక మీద దీవి జెండా కప్పాలని ఆయన ఆఖరి కోరిక. కుట్టేవాళ్ళెవరూ ముందుకి రాలేదు. ఆవిడ కుట్టింది. కుట్టి, మడిచి, గోడకున్న దేవుడి పటం వెనక దాచింది. మేష్టారు పోకముందే కొండల్లో తిరుగుబాటు లేచింది, పోలీసులు ఇళ్ళ మీద పడ్డారు. ఆవిడ సంతకి వెళ్ళి వచ్చేసరికి జెండా పోలీసు చేతిలో ఉంది. రెండేళ్ళు జైలు.

"తర్వాత తెలుసా మీహా, ఏమైందో!" అని ఆవిడ మిషన్ ఆపి మరీ నవ్వింది. "నేను లోపల ఉండగానే దీవికి కొత్త హోదా అన్నారు, కొత్త రాజ్యాంగం అన్నారు. అదే జెండాని ప్రభుత్వ జెండా చేశారు! జైలు మీద ఎగరేశారు. వార్డెన్ దానికి సెల్యూట్ కొడుతున్నాడు. కుట్టిన నేను లోపల ఉన్నాను!"

"మరి వదిలిపెట్టలేదా?"

"నాది లేత నీలం కదా. ఆకాశం రంగు. వాళ్ళు ముదురు నీలం చేశారు. వేరే జెండా!"

కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. తర్వాత కొన్నేళ్ళకి ఆ చట్టాన్నీ తీసేశారు. అప్పటికి ఆవిడ పిన్ని కూతురితో షికాగో వచ్చేసింది. మళ్ళీ ఊరు చూడలేదు.

ఎనభైల చివర్లో ఒక సంచలనం రేగింది. చట్టం పోయినా అక్కడి పోలీసులు ఊరుకోలేదని, వేలమంది మీద దశాబ్దాలపాటు రహస్యంగా ఫైళ్ళు రాస్తూనే ఉన్నారని బయటపడింది. ఎవరి ఫైలు వాళ్ళకి ఇచ్చెయ్యమని కోర్టు చెప్పింది. హాస్పిటల్లో దీవి వాళ్ళందరూ అదే మాట. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు దుప్పట్లు కుడుతూ కూర్చుంది. మార్చిలో ఒక రోజు నేను వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసి, ఉతికిన దుప్పట్ల కింద నుంచి ఒక కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. ఇటుకంత మందం. అంతా టైపు కొట్టిన స్పానిష్. అక్కడక్కడ నల్లసిరాతో కొట్టేసిన పేర్లు.

"వకీలు తెప్పించాడు. చదువు" అంది.

"నాకు స్పానిష్ రాదు దోన్యా!"

"అందుకే నువ్వు. మావాళ్ళు చదివితే వాళ్ళకి అర్థమవుతుంది. అర్థమైతే నోరు ఊరుకోదు. నువ్వు చదువు, నేను వింటాను."

"తప్పులు చదువుతానేమో?"

"జె కనపడితే హ. రెండు ఎల్‌లు కలిస్తే య. హెచ్ కనపడితే అక్కడ ఎవరూ లేరు. మిగతాదంతా రాసింది రాసినట్టే."

నిజంగానే రాసింది రాసినట్టే! ఇంగ్లీషులో ఇన్నేళ్ళు పలకని అక్షరాలతో పడ్డ అవస్థ దీంట్లో లేదు. మాట చివర అచ్చు, మన తెలుగులాగే. వారం తిరిగేసరికి నా నాలుక పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆవిడ మిషన్ నడుపుతూ ఉంటుంది, గుడ్డ ఉన్నా లేకపోయినా. ఆ చప్పుడు మీదుగా నేను గట్టిగా చదువుతాను. నేను చదివేది నాకు తెలియదు. ఆవిడ మొహం చూసి తెలుసుకునేదాన్ని. కనుబొమ్మలు పైకి వెళ్ళేవి. "హా!" అనేది. తొడ మీద కొట్టుకునేది. ఒకసారి కుర్చీలోంచి జారిపోయేంత నవ్వింది.

"ఏమైంది? ఏం రాశారు?"

"మా ఇంట్లో బీన్స్ మాడిపోయాయని రాశాడు! చెట్టు వెనక నిలబడి వాసన చూసి రాశాడు, మీహా!"

ఆ సాయంత్రం షికాగో శివార్లలో, అరోరాలో మా ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన ఇంజినీరు, కంపెనీకి గవర్నమెంట్ కాంట్రాక్టులుండేవి. మా సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి.

"పోలీస్ ఫైలా! హాస్పిటల్లో కూర్చుని పోలీస్ ఫైల్ రీడ్ చేస్తున్నావా?"

"నాకర్థం కాదుగా."

"ఇంటర్వ్యూలో ఆఫీసర్‌కి ఆ మాట చెప్పు, నమ్ముతాడు. ఇక్కడే షికాగోలో ఆ దీవి స్వాతంత్ర్యం వాళ్ళని బాంబుల కేసులో అరెస్ట్ చేశారా లేదా? పేపర్లో నువ్వూ చదివావు. మనకెందుకే ఈ గొడవ?"

"అరవై దాటినావిడండీ. దుప్పట్లు కుట్టుకుంటుంది."

"దుప్పట్లు కుట్టేవాళ్ళ మీద అంత ఫైలుంటుందా?"

రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు అన్నం తింటూ, నా వైపు చూడకుండా, "ఆ బీన్స్ సంగతి తర్వాత ఏమైంది?" అన్నారు. అంతే. ఇక రోజూ నేను గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే, "ఇవాళ ఎక్కడిదాకా వచ్చింది?" వారపత్రికలో సీరియల్ కోసం కాచుకున్నట్టు!

సీరియల్‌లో ఒక్క మాట దగ్గర మాత్రం గతుకు. చదువుతూ ఉంటే "ఎర్మానో" అని వచ్చేది. రాగానే ఆవిడ "దాటెయ్" అనేది. ఆ పేరా వదిలేసి కిందికి వెళ్ళేదాన్ని. నాలుగోసారి అడిగాను, ఎర్మానో అంటే ఏమిటని.

"తమ్ముడు" అంది. కాసేపు మిషన్ నడిపింది. "పటం వెనక జెండా ఉందని వాడికొక్కడికే తెలుసు. పోలీసులు తిన్నగా పటం దగ్గరికే వెళ్ళారని పక్కింటామె చెప్పింది. నాకు రెండేళ్ళు. వాడినీ తీసుకెళ్ళారు, మూడు రోజుల్లో ఇంటికెళ్ళాడు."

"అడిగారా అతన్ని?"

పుటుక్కు.

జైల్లో ఉండగా వాళ్ళమ్మ పోయిందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది నాకు. అంత్యక్రియలకి వెళ్ళనివ్వలేదు. కాని ఫైలులో ఉంది! ఎవరెవరు వస్తారో చూడటానికి మఫ్టీ పోలీసుని పంపారు. వాడు పూసగుచ్చినట్టు రాశాడు. "యూవియా" అని చదివాను. వాన అంది ఆవిడ. వానలో పెట్టెని కొండ మీదికి మోసుకెళ్ళడం, జారడం, ఎవరి చేతిలో ఏ పువ్వులున్నాయో, ఎవరు ఏ ప్రార్థన పాడారో అంతా. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక మొదట్నుంచి చదవమంది. మూడుసార్లు చదివాను. "పాపిష్టివాడు. ఎంత చక్కగా చూశాడో!" అంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత తల్లి అంత్యక్రియలు చూసిన మనిషి మొహం అది. ఏడుపు కాదు, వెలుగు.

సరిగ్గా అప్పుడే మా ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. "ఒక్క వారం ఆగు. ప్లీజ్" అన్నారు మా ఆయన. ఆయనకీ కథ వినాలని ఉంది, భయమూ ఉంది. నాకూ భయం వేసింది. ఏ చట్టమూ నన్ను ఏమీ అనలేదు, ఎవరూ నన్ను అడగలేదు, అయినా సిగ్గుపడుతూ వెళ్ళి దోన్యాతో చెప్పాను.

ఆవిడ నా చెంప మీద తట్టింది. "వెళ్ళు, పాసవ్వు. ఇన్నేళ్ళు ఆగిన కాగితాలు వారం ఆగలేవా? నేను పుట్టుకతోనే సిటిజన్‌ని మీహా. చూస్తున్నావుగా, నన్నెంత బాగా చూసుకున్నారో!" అని ఫైలు చూపించి మళ్ళీ నవ్వు.

ఇంటర్వ్యూ అయింది. సోమవారం పరుగున బేస్‌మెంట్‌కి దిగాను.

"ఏమడిగారు?"

"రాజ్యాంగం గురించి అడిగారు. ఎవరితో తిరుగుతావని అడగలేదు."

"అడగరు. రాసుకుంటారు" అంది. మిషన్ మొదలుపెట్టింది.

వారం పస్తుంటే నా నాలుకకి ఆకలేసింది. తేదీల వరస లేని ఆ కట్టలో ఆ రోజు వచ్చినది జెండా దొరికిన నాటి సోదా రిపోర్టు. జోరుగా చదువుతున్నాను. "ఎల్ ఎర్మానో" వచ్చింది. "దాటెయ్" అంది. వినపడింది నాకు. కాని నోరు ఆగలేదు, వాక్యం వాలుగా ఉంది, జారిపోయింది. "త్రెస్ దియాస్" అని చదివాను. ఆ వెంటనే "నో కోఓపెరా" అని చదివాను.

మిషన్ ఆగింది.

"ఏమన్నావు?"

"నో కోఓపెరా."

"మళ్ళీ."

"నో కోఓపెరా."

ఈ ఒక్కటీ నాకూ అర్థమైంది! ఇంగ్లీషులో కోఆపరేట్ అన్న మాటే కదా. మూడు రోజులు ప్రశ్నించారు. సహకరించడు. మిషన్ ఆగిన ఆ గదిలో నా గొంతు ఎంత పెద్దగా వినిపించిందో! తలుపు బయట ఎవరో ట్రాలీ తోసుకెళుతున్నారు. ఆవిడ లెక్కచెయ్యలేదు.

"పైనుంచి చదువు. ఏదీ దాటకు."

చదివాను. సోదా నాలుగు గంటలు జరిగింది. తిన్నగా పటం దగ్గరికి వెళ్ళలేదు. పరుపులు కోశారు, నేల చెక్కలు లేపారు, పొయ్యిలో బూడిద తోడారు. ఆఖర్న పటం. అంతసేపూ ఎర్మానో గుమ్మంలో కూర్చుని ఏమీ తెలియదంటున్నాడు. ఆవిడ ఒక్కొక్క వాక్యం తర్వాత నాకు ఇంగ్లీషులో అరిచి చెబుతోంది, నేను గట్టిగా ఊపిరి పీలుస్తున్నాను. ఇన్నాళ్ళూ దాటేసిన పేజీలన్నీ వెనక్కి తిప్పాను. అమ్మ పెట్టెని ముందువైపు మోసినవాడు ఎర్మానో. జైలుకి వచ్చినవాడు ఎర్మానో. ఖైదీ చూడటానికి నిరాకరించింది అని పక్కన తేదీలు. పదకొండు తేదీలు. ఆవిడ వేళ్ళతో లెక్కపెట్టుకుంది. వేళ్ళు చాలలేదు.

"అయితే ఎవరు?" అన్నాను. "జెండా ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారు?"

ఆ జవాబు మర్నాడు దొరికింది. చెప్పినవాడి పేరు మీద నల్లసిరా పూశారు. కాని పక్క వాక్యం మీద పుయ్యడం మరిచిపోయారు. "దోస్ యార్దాస్ ఇ మేదియా" అని చదివాను. రెండున్నర గజాలు. "అసుల్ సెలెస్తే." ఆకాశ నీలం. "బౌతీసో."

ఆవిడ లేచి నిలబడింది. బాప్టిజం అంది. పసిబిడ్డ బాప్టిజం గౌనుకని చెప్పి ఆ గుడ్డ కొన్నదట. పచ్చి అబద్ధం. ఇంట్లో పసిబిడ్డ లేదు. ఆ అబద్ధం ఆవిడ జన్మలో ఒక్కడికే చెప్పింది. గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలిచి కత్తిరించిన కొట్టువాడికి!

"గుడ్డ మాట్లాడింది, మీహా! గుడ్డే మాట్లాడింది!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. దుప్పట్ల గుట్ట కూలి మా మీద పడింది. మేమిద్దరం దాంట్లోనే కూర్చుని నవ్వాం. ఎందుకు ఏడుస్తున్నామో తెలియకుండా ఏడ్చాం కూడా.

ఆ సాయంత్రం మా ఆయన కథంతా విని లేచి నిలబడ్డారు. "ఆయన ఉన్నాడా? తమ్ముడు? కనుక్కున్నావా?"

"ఊళ్ళోనే ఉన్నాడట. ఇంట్లో ఫోన్ లేదట. వీధిలో మందుల షాపులో ఉందట. కాని ఆవిడ ఫోన్ ముట్టుకోదండీ."

"ఆదివారం ఇంటికి తీసుకురా. నేను డయల్ చేస్తాను" అన్నారు. మనకెందుకే ఈ గొడవ అన్న మనిషే!

ఆదివారం మా వంటింట్లో ఆయనే ఆపరేటర్‌ని పట్టుకున్నారు, మందుల షాపు వాళ్ళని పట్టుకున్నారు, ఎవరో పిలవడానికి పరిగెత్తారు. ఆవిడ రిసీవర్ని రెండు చేతులతో, పాముని పట్టుకున్నట్టు చెవికి దూరంగా పట్టుకుంది. పావుగంట గడిచింది. అవతల గొంతు వినపడింది. "సోయ్ యో" అంది ఆవిడ. నేనే, అని. ఆ తర్వాత ఇద్దరి ఊపిరి చప్పుడూ మాక్కూడా వినపడుతోంది. ఇక తట్టుకోలేక రిసీవర్ మా ఆయన చేతిలో కుక్కి మొహం తిప్పుకుంది.

"హలో సర్! హౌ ఆర్ యూ?" అన్నారు మా ఆయన కంగారుగా.

అవతల్నుంచి, వచ్చీరాని ఇంగ్లీషులో, "ఎవరడుగుతున్నారు?" అని వినపడింది.

ఆగస్టులో ఆయన షికాగో వచ్చాడు. మేమే కారులో ఆవిడని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాం. రావలసినవాళ్ళందరూ గేటులోంచి వచ్చేశారు. ఆఖర్న గడ్డిటోపీ పెట్టుకున్న పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నెమ్మదిగా వస్తున్నాడు. ఆవిడ ఎదురెళ్ళింది. నేను రుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. కావలించుకుంటారనుకున్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌తో ఆయన భుజం మీద ఫట్‌మని కొట్టింది! ఆయన టోపీ తీసి ఏదో అన్నాడు. ఆవిడ ఇంకేదో అంది. ఇద్దరూ ఒకేసారి, ఒకరి మాట ఒకరు వినకుండా, ఎయిర్‌పోర్టు మార్మోగేలా పోట్లాట మొదలెట్టారు. జనం ఆగి చూస్తున్నారు. ఒక యూనిఫామ్ ఆయన దగ్గరికొచ్చి "ఎవ్రీథింగ్ ఓకే?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారి అతని వైపు తిరిగి చూసిన చూపుకి అతను వెళ్ళిపోయాడు.

పోట్లాట కారు వెనక సీట్లోకి ఎక్కింది. హైవే మీదికి వచ్చినా ఆగలేదు. మా ఆయన నా వైపు వంగి, "ఏమంటున్నారే?" అన్నారు.

"నాకేం తెలుసు! కాగితం మీదుంటే చదివి పెడతాను."

అప్పుడు ఆవిడ ముందుకి వంగి నా సీటు పట్టుకుంది.

"మీహా! ఎందుకు ఉత్తరం రాయలేదని అడిగాను. వాడికి చదువొచ్చు, మేష్టారి దగ్గర చదివాడు. పిన్ని కూతురు వాళ్ళ ద్వారా నా అడ్రస్ తెలుసు. ఏమంటాడో విను. వాళ్ళు ఉత్తరాలు విప్పి చూస్తారట. కవరు మీద నా అడ్రస్ ఉంటుందట. తన చేత్తో తనే నన్ను వాళ్ళకి చూపించినట్టవుతుందట. అందుకని రాయలేదట! ముప్పై ఎనిమిదేళ్ళు! ఆ చట్టం పోయి ముప్పై ఏళ్ళు దాటింది, వీడికి ఎవరూ చెప్పలేదా?"

వెనక నుంచి తమ్ముడు మెల్లగా ఒక మాట అన్నాడు. ఆవిడ నోరు మూతపడింది. కాసేపటికి, వేరే గొంతుతో, నాకు చెప్పింది.

"నీకు చెప్పారా అంటున్నాడు."

అద్దంలో చూశాను. ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తర్వాత ఆయనే ఏదో అన్నాడు, ఆవిడ ఫక్కున నవ్వింది, మళ్ళీ మొదలైంది. ఈసారి ఒకళ్ళు చెబుతుంటే ఇంకొకళ్ళు వింటున్నారు.

ఆ శీతాకాలమే ఆవిడ ఉద్యోగం మానేసి దీవికి వెళ్ళిపోయింది. తమ్ముడి ఇంట్లోనే ఉంది, అక్కడే పోయింది. కాని నాకు ఆవిడంటే ఆ కారే. ఆ రోజు వాళ్ళని వినడంలో పడి మా ఆయన దిగవలసిన ఎగ్జిట్ దాటేశారు.

"సారీ, సారీ. నెక్స్ట్ ఎగ్జిట్‌లో టర్న్ తీసుకుంటాను" అన్నారు.

ఆవిడ వెనకనుంచి ఆయన భుజం తట్టింది.

"తిప్పకండి. పోనివ్వండి. ఇప్పటికి మేం చెప్పుకున్నది ఒక్క ఏడాదే. ఇంకా ముప్పై ఏడున్నాయి."